ఈ యూనిట్లు ఎవరి ఖాతాలో? నల్లగొండ వైపు ఒక కర్బన లెక్క డైరీ

ఏప్రిల్ ఆఖరు

పని ఏమిటో ముందే రాసి పెట్టుకుంటున్నాను. నల్లగొండ జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీ, దాని చుట్టూ కొన్ని గ్రామ పంచాయతీలు, మిర్యాలగూడ వైపు ఒక బాయిల్డ్ రైస్ మిల్లు. మూడు చోట్లా ఒకటే పని. ఒక ఆర్థిక సంవత్సరంలో ఎంత కరెంటు కాలింది, ఎంత డీజిలు పోయింది, ఎంత చెత్త పడింది, వీటన్నిటి వల్ల గాలిలోకి ఎంత కర్బనం వెళ్లిందో లెక్క కట్టాలి. కట్టాక, తగ్గించగలిగింది తగ్గించాలి. ఊళ్ల పేర్లు, మిల్లు పేరు రాయను. వాళ్లు పుస్తకాలు తెరిచి చూపించేది పేర్లు బయటికి రావని నమ్మే కదా.

మొదటి మీటింగ్ కమిషనర్ గారి చాంబర్‌లో. విషయం చెప్పగానే వచ్చిన మొదటి మాట, "చెట్లు మస్తు పెట్టినం సార్, ఫొటోలు గూడ ఉన్నయి." 2015లో హరితహారం మొదలైనప్పటి నుంచీ ఫైళ్లు కట్టలు కట్టలుగా ఉన్నాయి. 2019 మున్సిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్‌లో పది శాతం పచ్చదనానికి పక్కన పెట్టాలి కాబట్టి ఈ లెక్కలు నిజంగానే పద్ధతిగా రాసి ఉన్నాయి. కానీ మేం అడిగేది ఎంత పీల్చుకున్నారని కాదు, ఎంత వదిలారని. ఆ రెండోదానికి ఫైలు లేదు.

చాలాసేపు చర్చ ఒక్క దాని మీదే నడిచింది. లెక్క మున్సిపల్ ఆఫీసుదా, ఊరు మొత్తానిదా? రెండూ వేరు. సంస్థల లెక్కకు వాడే జీహెచ్‌జీ ప్రోటోకాల్ (వేడెక్కించే వాయువులను లెక్కగట్టే అంతర్జాతీయ పద్ధతి) 2001లో వచ్చింది, 2004లో సవరించారు. నగరాల లెక్కకు వేరే పద్ధతి 2014లో వచ్చింది. సంస్థ లెక్కలో మూడు గదులుంటాయి. మనం స్వయంగా కాల్చేది మొదటిది: ట్రాక్టరు డీజిలు, జనరేటరు. మనం కొన్న కరెంటు రెండోది. మన అవసరం కోసం వేరేవాళ్లు వదిలేది మూడోది. పక్క ఊరి జేసీబీని గంటకు కిరాయికి తెచ్చుకుంటే దాని పొగ మూడో గదిలోకి పోతుంది. ఊరి లెక్కలో గదులను ఊరి పొలిమేర విడదీస్తుంది.

ముందు మున్సిపాలిటీ సొంత లెక్క, తర్వాత వీలైతే ఊరిది అని తేల్చాం. కమిషనర్ గారి చేతిలో ఉన్నవి ఆయన పంపులు, ఆయన బండ్లు. ఊరి జనం బైకుల మీద ఆయనకు అధికారం లేదు. చేతిలో లేనిదాన్ని ముందు లెక్కబెడితే, ఆ రిపోర్టు బీరువాలోకి పోవడానికి ఎక్కువ కాలం పట్టదు.

మే

ఎండలు ముదిరాయి. కరెంటు బిల్లుల పని పెట్టుకున్నాం, కనీసం నీడలో కూర్చోవచ్చని.

అకౌంట్స్ సెక్షన్‌లో అడిగితే నెలవారీగా కట్టిన డబ్బులు ఇచ్చారు. రూపాయలు మాకు పనికిరావు. రూపాయలను రేటుతో భాగిస్తే యూనిట్లు వస్తాయనుకుంటారు గానీ రావు. అందులో ఫిక్స్‌డ్ చార్జీలుంటాయి, పాత బకాయిలుంటాయి, వాటి మీద సర్‌చార్జి ఉంటుంది. ఒక నెల ఏమీ కట్టక, తర్వాతి నెల మూడింతలు కట్టిన సందర్భాలూ ఉంటాయి. యూనిట్లు కావాలంటే ప్రతి సర్వీసు నంబరుకూ ప్రతి నెల రీడింగ్ తీయాల్సిందే.

అసలు ఎన్ని సర్వీసులు? మున్సిపాలిటీ దగ్గర ఒక జాబితా, డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) బిల్లుల ఆఫీసు ఈఆర్వోలో ఇంకో జాబితా. రెండూ కలవవు. కారణం తెలియడానికి పాత బిల్ కలెక్టర్ దొరకాల్సి వచ్చింది. 2018లో చుట్టుపక్కల పంచాయతీలను మున్సిపాలిటీలో కలిపినప్పుడు బోర్లు, వీధి దీపాలు అన్నీ వచ్చి చేరాయి గానీ, సర్వీసుల మీద పేరు మాత్రం ఇంకా "సర్పంచ్, గ్రామ పంచాయతీ" అనే ఉంది. బిల్లు మున్సిపాలిటీ కడుతుంది, కాబట్టి ఖాతా మనదే. అట్లాగే ఒక కమ్యూనిటీ హాలు, ఒక గుడి ముందు బోరు కూడా మన బిల్లులోకి ఎప్పుడో దూరిపోయాయి. ఎండిపోయిన బోర్లకు కూడా మినిమం చార్జీ నెలనెలా పోతోంది. ఆ సర్వీసులు కట్ చేయించమని రాసిన ఉత్తరం ఈ ప్రాజెక్టులో మొదటి పొదుపు. కర్బనం ఒక్క గ్రాము తగ్గలేదు, డబ్బు తగ్గింది. అకౌంట్స్ మేడం అప్పటి నుంచి మా ఫోన్ ఎత్తుతున్నారు.

వీధి దీపాల్లో కొన్నింటికి మీటరు లేదు. "గా మీటరు ఎప్పుడో కాలిపోయింది సారూ, అప్పట్నుంచి అందాజ మీద బిల్లు వస్తది" అన్నాడు లైన్‌మన్. అలాంటిచోట దీపాలు ఎన్ని, ఒక్కోటి ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు వెలుగుతున్నాయి అని మనమే నడిచి లెక్కబెట్టాలి. సాయంత్రాలు అలా గడిచాయి.

మే, మూడో వారం

మున్సిపాలిటీ అంటే రోడ్లు, చెత్త బండ్లు, దీపాలు అనుకుంటాం. యూనిట్లన్నీ ఒక షీటులో పేర్చగానే వాటన్నిటినీ వెనక్కి నెట్టి ముందు నిలబడింది మంచినీళ్ల పంపింగ్. కరెంటులో సగానికి పైగా దానిదే.

ఇక్కడ ఒక చిన్న లెక్క రాసుకుంటాను, ఎవరికైనా పనికొస్తుంది. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రతి ఏడాదీ ఇచ్చే పట్టికలో గ్రిడ్ కరెంటు ఒక యూనిట్‌కు 0.7 కిలోల కన్నా కాస్త ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ అని ఉంటుంది. 0.72 అనుకుందాం. 20 హెచ్‌పీ మోటారు గంటకు 15 యూనిట్లు తాగుతుంది, రోజుకు 10 గంటలు నడుస్తుంది అనుకుంటే, ఏడాదికి 54,750 యూనిట్లు. అంటే దాదాపు 39 టన్నుల కార్బన్ డయాక్సైడ్. బాగా ఎదిగిన చెట్టు ఏడాదికి 20 కిలోలు పీల్చుకుంటుందని ఉదారంగానే అనుకున్నా, ఆ ఒక్క మోటారుకు సుమారు 2,000 పెద్ద చెట్లు కావాలి. మొక్కలు కావు, చెట్లు.

ఈ లెక్క చెప్తే పచ్చదనం చూసుకునే ఆఫీసరు కొంచెం నొచ్చుకున్నారు. నీడకూ, నేలకూ, పిట్టలకూ చెట్టు కావాలి, అందులో వాదన లేదు. కానీ మోటారు చేసిన పని చెట్టు చేత కడిగించాలంటే మాత్రం కుదరదు.

జూన్ మొదట్లో

పంప్‌హౌస్‌ల దగ్గర పని. ఈ భాగమే నాకు ఇష్టం.

వెయ్యి లీటర్ల నీళ్లను ఒక మీటరు ఎత్తడానికి, ఎలాంటి నష్టమూ లేకపోతే, 2.7 వాట్-అవర్లు చాలు (వెయ్యి వాట్-అవర్లు ఒక యూనిట్). 40 మీటర్లు ఎత్తాలంటే 0.11 యూనిట్. మోటారు, పంపు, పైపు తినేది కలుపుకున్నా, మంచి సెట్టయితే 0.2 యూనిట్ లోపు పని అయిపోవాలి. మన పంపు ఎంత తింటోంది? దానికి రెండు అంకెలు కావాలి: గంటకు నీళ్లెన్ని, గంటకు యూనిట్లెన్ని.

నీళ్ల మీటరు ఉందని రికార్డులో ఉంది. ముల్లు కదలదు. అందుకని సంపు కొలతలు తీసుకున్నాం. 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న సంపులో, లోపలికి వచ్చే వాల్వు మూసేసి పంపు నడిపితే పది నిమిషాల్లో నీటిమట్టం 10 సెంటీమీటర్లు దిగిందనుకోండి, 3,000 లీటర్లు పోయినట్టు, అంటే గంటకు 18,000. యూనిట్లకు ఇంకో ఉపాయం ఉంది. ఎలక్ట్రానిక్ మీటరు మీద యూనిట్‌కు ఎన్ని పల్సులో రాసి ఉంటుంది. ఎర్రలైటు మిణుకులు లెక్కబెడితే పది నిమిషాల్లో వాడకం తెలిసిపోతుంది. గంటకు 7 యూనిట్లు వస్తే, వెయ్యి లీటర్లకు 0.39. ఉండాల్సిన దానికి దాదాపు రెట్టింపు. ఇక్కడ రాసిన అంకెలు లెక్క పద్ధతి చూపడానికి వేసుకున్నవి. మేం చూసిన పంపుల్లో మంచివీ ఉన్నాయి, ఇంతకన్నా అధ్వాన్నమైనవీ ఉన్నాయి.

అధ్వాన్నంగా ఉన్నవాటికి కారణాలు పెద్ద రహస్యాలేమీ కావు. ఒకచోట పెద్ద పంపు పెట్టి, ఒత్తిడి ఎక్కువై పైపులు పగులుతున్నాయని గేటు వాల్వు సగం మూసి నడుపుతున్నారు. యాక్సిలరేటరూ బ్రేకూ ఒకేసారి తొక్కి బండి నడిపినట్టు. ఇంకోచోట మోటారు చాలాసార్లు రీవైండింగ్ అయింది. కాలిన ప్రతిసారీ చుట్టేవాడు దొరికిన తీగతో చుట్టాడు. మోటారు లైన్లో అదనంగా లాగే కరెంటును తగ్గించే కెపాసిటర్లు ఉన్నాయి, వైర్లు మాత్రం ఊడిపోయి ఉన్నాయి.

పంప్ ఆపరేటర్ అన్న వయసులో నాకన్నా పెద్ద. ఆయన దగ్గర ఉన్న సమాచారం ఏ రిజిస్టర్‌లోనూ లేదు. "ఎండాకాలం ఈ ట్యాంకు నిండనీకి మూడు గంటలు పడతది తమ్మీ, దసరా దాటినంక రెండున్నర. కిందికి పోయే లైనుల యాడనో లీకున్నది, తెల్లారేసరికి మెట్టు మీద మెట్టు దిగుతది" అన్నాడు. రాత్రి అన్ని వాల్వులూ మూయించి ట్యాంకు మట్టం గుర్తు పెట్టించాం. తెల్లారి చూస్తే ఆయన అన్నట్టే దిగింది. లీకు దొరికింది కల్వర్టు కింద. అక్కడ రెండు గేదెలు ఎప్పుడూ పడుకుని ఉండేవి, ఎవరికీ అనుమానం రాలేదు.

జూన్ రెండో వారం

ఈ ఎంట్రీ కొంచెం పొడుగవుతుంది, ఎందుకంటే ఇక్కడే లెక్క చిక్కుపడింది.

మన పంపులు సంపు నుంచి ట్యాంకుకు ఎక్కించేవి మాత్రమే. సంపులోకి నీళ్లు ప్రభుత్వ తాగునీటి పథకం మిషన్ భగీరథ లైన్ నుంచి వస్తాయి. అవి కృష్ణ నీళ్లు, సాగర్ వెనక జలాల నుంచి ఎత్తినవి. శుద్ధి చేసి, మళ్లీ ఎత్తి, మన దాకా తెస్తారు. ఆ కరెంటు మన బిల్లులో లేదు. కానీ ఆ నీళ్లు తాగేది మనమే. సంస్థ లెక్క ప్రకారం అది మూడో గది. ఆ గది తెరిస్తే మున్సిపాలిటీ మొత్తం అంకె ఒక్కసారిగా పైకి లేస్తుంది.

"అంటే బోరు నీళ్లు తాగినప్పుడు మనం మంచోళ్లం, నల్లా నీళ్లు తాగితే కాలుష్యం చేసినోళ్లమా?" అని ఒక కౌన్సిలర్ అక్క అడిగింది. వాళ్ల సొంతూరు మర్రిగూడ మండలం వైపు. ఫ్లోరైడ్‌తో కాళ్లు వంకరపోయినవాళ్లను చూస్తూ పెరిగిన మనిషి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ జిల్లా బోర్లలో చాలావాటికి ఆ గీత ఎక్కడో కిందుండేది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ దించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ తయారుచేసి దానికి నల్లగొండ పేరే పెట్టింది. అలాంటి పేరు ఏ ఊరూ కోరుకోదు.

కాబట్టి రిపోర్టులో ఈ అంకె విడిగా, వివరణతో రాయాలని నిర్ణయం. పెరిగింది నిజం, పెరగాల్సిన చోట పెరిగింది. తగ్గించాల్సింది ఆ నీళ్లను కాదు, వచ్చిన నీళ్లు దారిలో కారిపోవడాన్ని. కల్వర్టు కింద కారిన ప్రతి వెయ్యి లీటర్లూ సాగర్ నుంచి ఎత్తుకుంటూ వచ్చినవే. లీకు విలువ మన పంపు యూనిట్లతో కాక, పైనుంచి మొత్తం దారి యూనిట్లతో కట్టాలి. అలా కడితే లీకులు పట్టడమే ఈ ఊళ్లో అన్నిటికన్నా లాభం ఉన్న పని అవుతుంది. దానికి ఒక ప్లంబర్, నేల కింది లీకు చప్పుడు వినే ఒక రాడ్, రాత్రి పూట నిద్ర లేచే ఓపిక చాలు. సోలార్ ప్యానెళ్ల కన్నా చౌక. ఫొటోకి మాత్రం బాగుండదు.

జూన్ చివర

డీజిలు. త్వరగా అయిపోయింది. లీటరుకు దాదాపు 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. బంకు స్లిప్పులు అన్నీ ఉన్నాయి. పంచాయతీల్లో ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు ఒకటే ఇంజను మీద నడుస్తాయి కాబట్టి దేనికెంత అని విడదీయలేకపోయాం. విడదీయాల్సిన అవసరమూ కనబడలేదు. చెత్త ఆటోలు ఊరంతా తిరిగి యార్డుకు పోయి వచ్చే దారి మ్యాపు గీస్తే, రెండు వార్డుల బండ్లు ఒకే బజారు నుంచి వెనకా ముందూ పోతున్నాయని తెలిసింది. డ్రైవర్లకు ముందే తెలుసు. ఎవరూ అడగలేదంతే.

జూలై

వానలు పడ్డాయి. డంపింగ్ యార్డులో పని చేయడానికి ఇంతకన్నా చెడ్డ కాలం లేదు. కానీ తడి చెత్త ఎంత బరువో తెలియాలంటే ఇప్పుడే తూచాలి. మనకు సొంత కాంటా లేదు. దగ్గరి మిల్లు వేబ్రిడ్జి మీద బండి ఎక్కించి, దించి, ఖాళీ బరువు తీసేయాలి. మిల్లు వాళ్లకు వడ్ల సీజను లేదు కాబట్టి ఒప్పుకున్నారు.

నమూనా తీసే పద్ధతి మోటుగా ఉంటుంది. ఒక బండి చెత్తను టార్పాలిన్ మీద పోసి కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పక్కకు తోసేయాలి. మిగిలింది మళ్లీ కలిపి, మళ్లీ నాలుగు. చేత్తో ఏరగలిగేంత అయ్యాక ఏరాలి: కుళ్లేవి, ప్లాస్టిక్, గుడ్డలు, గాజు, మట్టి. పారిశుధ్య సిబ్బందిలోని ఒక అమ్మ నన్ను పక్కకు జరగమని, "నువ్వు రాసుకో బిడ్డా, ఏరుడు మాకొస్తది" అంది. ఆమె చేతులు తిరిగిన వేగంతో నా పెన్ను పోటీ పడలేకపోయింది. గ్లౌజులు ఇప్పించాం. తడిస్తే జారుతున్నాయని తీసేశారు. పొడుగు రబ్బరువి కావాలన్నారు, రాసుకున్నాను.

తడి చెత్త కుప్పలో గాలి ఆడకుండా కుళ్లితే మీథేన్ వస్తుంది. వందేళ్ల లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 28 రెట్లు వేడెక్కిస్తుంది. ఐపీసీసీ (ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు సంఘం) పద్ధతిలో కుప్ప లోతును బట్టి మీథేన్ గుణకం మారుతుంది. 5 మీటర్లకన్నా లోతు తక్కువ ఉన్న చిందరవందర కుప్పకు 0.4, లోతైన దానికి 0.8. అంటే మన చెత్తను జేసీబీతో నున్నగా పేర్చి ఎత్తుగా గుట్ట కడితే చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది, మీథేన్ మాత్రం పెరుగుతుంది. మేలైన దారి తడి చెత్త అక్కడికి పోకుండా చేయడమే. పంచాయతీలకు కంపోస్ట్ షెడ్లు ఉన్నాయి. కొన్ని నడుస్తున్నాయి, కొన్నింట్లో యూరియా బస్తాలు ఉన్నాయి.

యార్డులో పొగ గురించి కూడా రాయాలి. ఎవరు అంటిస్తారో అందరికీ తెలుసు. వైర్లు కాల్చి రాగి తీసుకునేవాళ్లు కొందరు, కుప్ప తగ్గుతుందని అంటించేవాళ్లు కొందరు. ప్లాస్టిక్ కాలితే వచ్చేది పెట్రోలు కాలినట్టే, లెక్కలోకి వస్తుంది. పక్క కాలనీ వాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయేదానికి మన షీటులో గడి లేదు. అదనంగా ఒక గడి పెట్టాను.

జూలై ఆఖరు, మిర్యాలగూడ వైపు

మిల్లు యజమాని ఈ పనికి ఎందుకు ఒప్పుకున్నారో దాచలేదు. ఆయన బియ్యం కొనే పెద్ద కంపెనీ ఒక ఫారం పంపింది, నీ మిల్లు కర్బనం ఎంతో చెప్పు అని. షేర్ మార్కెట్‌లోని పెద్ద వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం పర్యావరణ వివరాలు తప్పనిసరిగా ఇవ్వాల్సి వచ్చింది. ఆ తాకిడి కిందికి, కిందికి దిగి ఈ రోడ్డు మీదికి చేరింది.

బాయిల్డ్ మిల్లులో వడ్లు నానబెట్టి ఉడికించడానికి ఆవిరి కావాలి. బాయిలరులో కాలేది ఊక. వడ్లలో ఐదో వంతు ఊక, ఆ ఊక కాలితే అందులో మళ్లీ ఐదో వంతు బూడిద. ఊక పొలంలోంచి వచ్చింది కాబట్టి దాని కార్బన్ డయాక్సైడ్‌ను మొత్తంలో కలపరు, విడిగా చూపిస్తారు. యజమానికి ఇది వినగానే ముఖం వెలిగింది. "అంటే మేము గ్రీన్ అన్నమాట." అంత తొందరగా కాదు. బూడిద రోడ్డు పక్కన పోస్తే గాలికి లేచి బైకులవాళ్ల కళ్లలో పడుతుంది, ఆ సంగతి ఈ దారిలో పోయే ఎవరినడిగినా చెప్తారు. నానబెట్టిన నీళ్లు పులిసి వాసన వస్తాయి. ఇవి కర్బన లెక్కలో కనబడవు, పొల్యూషన్ బోర్డు లెక్కలో కనబడతాయి.

అసలు పెద్ద అంకె మిల్లు గేటు బయట ఉంది. నీళ్లు నిలిచిన వరి మడిలో మీథేన్ పుడుతుంది. కొన్న ప్రతి బస్తా వెంట అది మిల్లు మూడో గదిలోకి వస్తుంది. మడిని మధ్యలో కొన్నిసార్లు ఆరనిస్తే చాలా తగ్గుతుందని అందరికీ తెలిసిన సంగతే. ఆరబెట్టేది ఎవరు? సాగర్ ఎడమ కాలువ కింద మడి నుంచి మడికి నీళ్లు పారుతాయి. పై మడి రైతు ఆపితే కింది మడి ఎండుతుంది, కాలువ వారబందీ (వంతుల వారీగా నీళ్లు వదలడం) మీద ఎప్పుడొస్తుందో నమ్మకం లేనప్పుడు ఉన్న నీళ్లు వదిలే రైతు ఎవరూ ఉండరు. బోరు కింద రైతు చేయగలడు. కానీ కరెంటు ఉచితం, మీటరు లేదు, ఆటో స్టార్టరు ఉంటే మోటారు దానంతట అదే నడుస్తుంది. ఆరబెడితే ఆయనకు మిగిలేదేమిటి? కంపెనీ ఫారంలో ఆ ప్రశ్న లేదు. బోరు కింది రైతులు కొందరితో రబీలో ఒక్కో మడి చొప్పున చూద్దామని మాట్లాడుకున్నాం. మడిలో రంధ్రాలున్న ప్లాస్టిక్ పైపు పాతి, నీళ్లు నేల కింద ఒక జానెడు దిగేదాకా మళ్లీ పెట్టకుండా ఉండడం. విత్తనం, ఎరువు ఎవరికి వాళ్లవే.

ఆగస్టు

మహబూబ్‌నగర్ వైపు ఇదే పని చేస్తున్న మిత్రుడు ఫోన్ చేశాడు. వాళ్లకు వచ్చిన చిక్కు మాకు రాలేదు. తలసరి లెక్క కావాలన్నారట. ఏ తలలు? జనాభా లెక్కలు 2011వి. నారాయణపేట, మద్దూరు వైపు ఊళ్లలో పంట అయిపోగానే ఇళ్లకు తాళాలు పడతాయి. హైదరాబాదు, ముంబై, పుణె పోయి మట్టి పని, మేస్త్రీ పని చేసేవాళ్లు ఊరి జనాభాలో ఉంటారు, ఊరి కరెంటులో ఉండరు. 2011 జనంతో భాగిస్తే ఆ ఊరు భలే పొదుపుగా కనిపిస్తుంది. వలసకు మార్కులు వేసినట్టు అవుతుంది. తలసరి గడి తీసేసి, వెయ్యి లీటర్ల నీళ్లకు యూనిట్లు, టన్ను చెత్తకు డీజిలు అని రాసుకోమన్నాను. ఆ కొలతలు మనుషులు ఊళ్లో ఉన్నా లేకపోయినా నిలబడతాయి.

ఇక్కడ కౌన్సిల్ మీటింగ్‌లో మధ్యంతర లెక్క పెట్టాం. అనుకున్నట్టే అడిగారు: "దామరచర్ల ప్లాంటు పొగ ఎవరి ఖాతాల రాస్తరు?" యాదాద్రి థర్మల్, 4,000 మెగావాట్లు, ఈ జిల్లాలోనే. నగరాల పద్ధతిలో గ్రిడ్‌కు అమ్మే కరెంటు కోసం కాల్చిన బొగ్గును ఆ ప్రాంతం పేరు మీద చూపిస్తారు గానీ, మొత్తంలో కలపరు. ఎందుకంటే ఆ కరెంటు వాడినవాళ్ల లెక్కలో అది మళ్లీ వస్తుంది, రెండుసార్లు కూడినట్టవుతుంది. పద్ధతిగా చూస్తే న్యాయమే. బూడిద మాత్రం కరెంటు వాడినవాళ్ల దగ్గరికి పోదు, ఇక్కడే ఉంటుంది.

మూసీ సంగతీ అంతే. దీని గురించి నేను చాలా రోజులుగా ఆలోచిస్తున్నాను. పుట్టంగండి దగ్గర సాగర్ నీళ్లు ఎత్తి అక్కంపల్లి రిజర్వాయరులో పోస్తారు. అందులో కొంత ఉదయసముద్రం వైపు మన కాలువలకు, కొంత కోదండపూర్‌లో శుద్ధి అయి హైదరాబాదుకు. హైదరాబాదు వాడుకుని వదిలింది మూసీలో పడి, భువనగిరి, సూర్యాపేట మీదుగా నురగలు కక్కుతూ మళ్లీ ఈ వైపుకే వచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మంచిగా ఎత్తుకుపోయిన నీళ్లే మురికై ఇంటికొస్తాయి. లెక్క ప్రకారం నగరంలో పుట్టిన మురుగు నగరం బయట ఎక్కడ కుళ్లినా అది నగరం మూడో గదిలోనే రాయాలి. మన షీటులో మూసీకి సున్నా. ఆ సున్నా చూసి ఒక పెద్దాయన నవ్వాడు: "కాయితం మీదనన్న మాకు వాసన లేదు."

రిపోర్టులో ఒక పేజీ వేరే పెడుతున్నాం. మన ఖాతాలో లేనివి, మన గడపలో ఉన్నవి. మొత్తంలో కలపం. కానీ పేజీ ఉంటుంది. పద్ధతి తెలిసిన ఒకరిద్దరు ఇది అనవసరం అన్నారు. పద్ధతి చెప్పేది ఏది కూడాలో, ఏది కూడకూడదో అని. ఏది చెప్పకూడదో అని కాదు.

సెప్టెంబరు

తగ్గించే పనుల్లో అయినవి: కెపాసిటర్లు మళ్లీ కనెక్ట్ అయ్యాయి. లీకులు మూడు చోట్ల కట్టారు. చెత్త ఆటోల దారి మారింది, డ్రైవర్లే గీశారు. వీధి దీపాల టైమర్ బాక్సులు బాగుచేశారు. పంచాయతీల్లో పగటిపూట దీపాలు వెలిగేది మాత్రం ఇంకా ఉంది. దీపాలకు విడిగా మూడో తీగ లేనిచోట ఆఫ్ చేయాలంటే స్తంభం ఎక్కాలి, ఎవరెక్కుతారు? మూడో తీగ లాగినచోట స్విచ్చు ఒక ఇంటి గోడకు పెట్టారు, ఆ ఇంటి ముసలమ్మ పొద్దున్నే ఆపుతోంది. ఆమెకు జీతం లేదు, టీవీ సీరియల్ లాగా ఒక్కరోజూ తప్పదు.

పంపు మార్చడం ఆగింది. అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) గారికి కొత్త పంపు కావాలనే ఉంది. కానీ టెండరులో తక్కువ ధర చెప్పినవాడికి ఇవ్వాలి. తక్కువ ధర పంపు ఏడాది తిరిగేసరికి దాని ధరకు మించి కరెంటు ఎక్కువ తాగొచ్చు. మన ఎత్తు, మన నీళ్లు ఎంతో రాసి, ఆ పాయింటు దగ్గర వెయ్యి లీటర్లకు ఎన్ని యూనిట్లకు మించకూడదో నిబంధనగా పెట్టాలని నా మాట. పెట్టిన రోజు సంపు దగ్గర కొలిచి చూసుకుంటే సరిపోతుంది, పెద్ద ల్యాబు అక్కర్లేదు. ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందేమోనని ఏఈ గారి టెన్షన్. ఇంజినీర్-ఇన్-చీఫ్ ఆఫీసు నమూనా టెండరులో ఎఫిషియెన్సీ గురించి ఒక లైను ఉంది, ఆ లైను పట్టుకుని మనది రాయొచ్చని చూపించాను. ఫైలు మీద రాశారు, సంతకం ఇంకా కాలేదు.

పంప్ ఆపరేటర్ అన్నకు కొత్త రిజిస్టరు ఇచ్చాం. తేదీ, మీటరు రీడింగ్, ఎన్ని గంటలు నడిచింది, తెల్లారి ట్యాంకు మట్టం. ఐదో గడి తనకు కావాలన్నాడు. ఏం రాస్తావన్నా అంటే, కరెంటు పోయిన టైము అన్నాడు. లో వోల్టేజీలో నడిపితే మోటారు ఎక్కువ తింటుందని ఆయనకు ఎప్పుడో తెలుసు. కలిపాను.

వచ్చే నెల పనులు: మిగతా బోరు సర్వీసుల పేరు మార్పిడి, రబీ మడుల్లో పైపులు పాతడం, మిల్లు ఊక బూడిదను ఇటుక బట్టీల వాళ్లు తీసుకుంటారో లేదో కనుక్కోవడం. టెండరు ఫైలు శుక్రవారం జిల్లా ఆఫీసుకు పోవాలి. యూనిట్ల నిబంధన ఉన్న పేజీ ఒకటి, లేని పేజీ ఒకటి, రెండూ టైపు చేసి ఏఈ గారి బల్ల మీద పెట్టి వచ్చాను.